అవతలి నీళ్లు

కిడ్నీలు పోయినవాడికి నెత్తురు కడిగే మిషను దిక్కు, మిషను అందనివాడికి మన్ను దిక్కు అనేవారు ఇచ్ఛాపురం పక్క తోటల ఊళ్లలో. పాచి వచ్చాక ఆ మాట మానేశారు.

పాచి అంటే నూతిగట్టున పట్టే పాచి కాదు. మూతబడ్డ జీడిపిక్కల బట్టీలో ప్రయోగశాల పెట్టి డాక్టర్ మణిమాల పెంచిన పాచి. కడుపుకి చిన్న గాటు పెట్టి లోపల వేస్తే, పేగుల వెనక పొరలా అల్లుకునేది. నెత్తుట్లో మురికి తిని బతికేది. కిడ్నీ చేయాల్సిన పని అది చేసిపెట్టేది. దానికి నీళ్లు మాత్రం వేరే. ప్రయోగశాల వెనక ట్యాంకులో మందు కలిపిన నీళ్లుండేవి. పాచి మనిషి ఆ నీళ్లే తాగాలి, ఆ నీళ్లతోనే వండుకోవాలి. పొద్దున పట్టినవి పొద్దుగూకేసరికి చప్పబడిపోయేవి. దాచుకోవడానికి లేదు. పూటపూటకీ బిందె పట్టుకుని పోవాల్సిందే.

దండాసికి పాచి ఉంది. అతని పెళ్లాం లోలాక్షికీ ఉంది. బట్టీలో పిక్కలు కాల్చిన మనిషి అతను, పిక్కలు కొట్టిన మనిషి ఆమె. ఇద్దరూ చావాల్సినవాళ్లు. చావలేదు. గోళ్లు పచ్చబడ్డాయి, అంతే. కట్టుకొయ్యకి కట్టిన ఆవు ఎంత దూరం పోతుందో ట్యాంకుకి వాళ్లూ అంతే దూరం. అయినా ప్రాణం తీపి.

కూతురు హైమకి బరంపురం సంబంధం కుదిరింది. అవతల రాష్ట్రమైనా తెలుగువాళ్లే. పిల్లాడు బుద్ధిమంతుడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మెచ్చుకున్నారు. చిక్కల్లా ఒకటే. అవతల పాచి మనుషులంటే పడదు. పాచి మనిషి ముట్టిన కుండలో పాచి పడుతుందని, పాచి తల్లికి పుట్టిన పిల్లకి కడుపున పాచే పుడుతుందని వాళ్ల నమ్మకం. డాక్టరమ్మ కాదని ఎంత చెప్పినా సరిహద్దు గేటు దాటి వినిపించదు. అందుకని దండాసి చెప్పలేదు. లోలాక్షి చెప్పనివ్వలేదు.

పెళ్లిబట్టలు బరంపురంలోనే కొనాలి. రెండువైపుల తల్లులూ కలిసి కొనాలి. సరిహద్దు దాటే చీటీ కోసం ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి పోయారు.

ఆవిడ చీటీ రాసే ముందు ఒక గాజుపలక తెచ్చి ముందు పెట్టింది. దాని మీద పచ్చటి పొర, తడిగా, మెత్తగా.

"ఇదేటో తెలుసు కదా దండాసన్నా? నీ కడుపులో ఉన్నదే."

చిన్న సీసా లోంచి ఒక్క చుక్క దాని మీద వదిలింది. చూస్తుండగానే పొర గోధుమరంగుకి తిరిగింది. అంచులు ముడుచుకున్నాయి. మురిగిన గుడ్డు కంపు గది నిండా కొట్టింది. లోలాక్షి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"బరంపురం కొళాయి నీళ్లు ఇవి. మన పాచి వాళ్ల ఏట్లోకి దిగిపోద్దని భయపడి, పాచిని చంపే పొడి కలుపుతున్నారు. మామూలు మనిషికి ఏమీ కాదు. మీకు ఒక్క గుక్క చాలు. పాచి ఉత్తినే చచ్చిపోతే బాధ లేదు, అది లోపలే కుళ్లుతుంది."

"తప్పి తాగీసినాననుకో అమ్మా?" అంది లోలాక్షి.

"అక్కడే కక్కెయ్. వేలు పెట్టి కక్కెయ్. దిగిపోయిందా, నా చేతిలో లేదు."

ఇద్దరూ తలూపారు. గేటు దగ్గర మనిషికి ఒక సీసా నీళ్లే పోనిస్తారు. పొద్దుగూకేలోపు తిరిగి రావాలి.

ముందురోజు లోలాక్షి గోరింటాకు రుబ్బి గోళ్లకి దట్టంగా పెట్టుకుంది. పచ్చ పోయి ఎరుపొచ్చింది. దండాసికి పెట్టబోతే చెయ్యి లాక్కున్నాడు.

"నానేటి పెళ్లికూతుర్నా?"

"నీ గోళ్లకి జీడి మసి ఉంది. ఎవులూ సూడరు. నీ నోరు తెరవడం కూడా ఎవులూ సూడలేదు ఇన్నాళ్లు. అలగే ఉండు."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూచుంది. పాచి పెట్టించుకున్నాక గేటు దాటడం అదే మొదటిసారి. గేటు దగ్గర కాపలావాడు సీసాలు మూత తీసి వాసన చూసి ఇచ్చేశాడు. బస్సు కదిలాక ఆమె సంచిలోంచి ఇత్తడి చెంబు తీసి ఒకసారి కొంగుతో తుడుచుకుంది.

ఆ చెంబుకి పని ఉంది. పెళ్లిబట్ట ముట్టే ముందు ఇద్దరు తల్లులూ ఒకే చెంబులో నీళ్లు తాగాలి. తాగాకే చీర విప్పాలి. గేటుకి రెండు పక్కలా ఊళ్లన్నిటా అదే ఆచారం. తాగనంటే సంబంధం వద్దన్నట్టే. అందుకే చెంబు వాళ్లే తెచ్చుకున్నారు. తమ చెంబు, తమ నీళ్లు. ఇంక భయమేముంది అనుకున్నారు.

పట్టుబట్టల వీధిలో వియ్యపురాలు కుముదిని కొట్టు అరుగు మీదే నిలబడి ఉంది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వెనక మొగుడు భగవాన్ సంచులు మోస్తూ నవ్వుతున్నాడు.

"రా వొదినా రా! పొద్దెక్కించీసినారు. ఓలమ్మ, గోరింటాకు సూడవే! పెళ్లి నీకా, నీ కూతురికా?"

"కూతురికే వొదినా. నాకైతే నీ తమ్ముడొకడు ఉంటే సూడు," అంది లోలాక్షి.

కొట్టువాళ్లు ఘొల్లుమన్నారు. భగవాన్ దండాసి వీపు చరిచాడు. పరుపుల మీద కూచున్నారు. లోలాక్షి చెంబు తీసింది. తీయగానే కుముదిని తన సంచిలోంచి ఇంకో చెంబు తీసింది. అది వెండి. నిండుగా నీళ్లున్నాయి, పైన తులసాకు తేలుతోంది.

"నీది లోపలెట్టీ వొదినా. చెంబు పిల్లాడి తల్లిది."

"మా పక్క పిల్ల తల్లే తెస్తాది వొదినా."

"మీ పక్కేటి, మా పక్కేటి? ఇప్పుడు ఏ పక్క కూకున్నావు నువ్వు?"

"పోనీ నీ చెంబే కానీ. నీళ్లు నావి పోద్దాం. సగం నీది, సగం నాది అవుద్ది."

కుముదిని మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. గొంతు దించి అంది.

"తప్పుగా అనుకోకు. గేటు అవతలి నీళ్లు నాను ముట్టను. అక్కడ ఊరూరా పాచి మనుషులంట కదా. మీరంటే మంచోళ్లు, సుబ్బరంగా ఉన్నారు. నీళ్లకి ఆ సంగతి తెలుస్తాదేటి?"

తను ఒక గుక్క తాగి, చెంబు లోలాక్షి చేతిలో పెట్టింది.

లోలాక్షి మొగుడి వైపు చూసింది. కొట్టువాడు మడత చీర చేతిలో పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. భగవాన్ చూస్తున్నాడు. దండాసి ఏదైనా అనాలి. చెంబు జారిపడేట్టు మోచెయ్యి తగిలించినా చాలు. అతనికి కాలూ చెయ్యీ ఆడలేదు. తల మాత్రం ఆడింది. కిందికీ, పైకీ.

ఆమె తాగింది. ఒక్క గుక్కే. తాగి చెంబు కళ్లకద్దుకుని ఇచ్చేసింది.

"ఇప్పుడే వస్తాను," అని లేచింది.

కొట్టు పక్క సందులో మురిక్కాలవ ఉంది. దండాసి వెనకే పోయేసరికి ఆమె వంగి నోట్లో వేలు పెట్టుకుంటోంది. అతను చప్పున మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. పెళ్లి నీళ్లు కక్కుతావా?"

ఆమె అలాగే వంగి ఉండిపోయింది. చెంబు నీళ్లు కక్కితే కాపురం కక్కినట్టే. వాళ్లమ్మ చెప్పింది, వాళ్ల అమ్మమ్మ చెప్పింది. నీళ్లు కక్కిన పెళ్లికి పిల్ల మూడు నెలలకి తిరిగొచ్చిందని ఊళ్లో కథలున్నాయి. దండాసి చెయ్యి వదిలేశాడు. వదిలేసినా ఆమె మళ్లీ వేలు పెట్టుకోలేదు.

"ఒక గుక్కే కదా," అన్నాడు అతను. "మన నీళ్లు పైన తాగీ. కారమెక్కువైన కూరకి నీళ్లు పోస్తే తగ్గదా? అలగే."

ఆమె తన సీసా తాగింది. చాలలేదని అతని సీసా కూడా తాగింది. మూతి తుడుచుకుని, కొంగు సవరించుకుని లోపలికి పోయింది.

ఆ తరవాత బేరం జరిగింది. కుముదిని కొట్టువాణ్ని ఏడిపించింది. ఈ చీర మీ అత్తగారు కట్టి ఇచ్చేసిందా, మడత మురికి పట్టింది అంది. లోలాక్షి గోపురాల అంచున్న ముదురు ఎరుపు పట్టుచీర ఎంచింది. వెలుతురులోకి పట్టుకుపోయి, అంచు తిరగేసి, నేత చూసింది. హైమ తెలుపు కనక ఇదే నప్పుతుంది అంది. నుదుటి మీద చెమట పట్టింది. ఉక్క అనుకున్నారు అందరూ.

మధ్యాహ్నం భోజనాలకి కుముదిని ఇంటికి రమ్మంది. అప్పుడు లోలాక్షి నోటికి అబద్ధం దొరికింది.

"నాను ఉపోసం వొదినా. పొద్దున్నించి ఉపోసమే."

"అయ్యో! ఆ మాట ముందే సెప్తే నీళ్లు కూడా పొయ్యకపోదును కదా. ఉపోసం మనిషికి చెంబు ఆన్చి వదిలీమంటారు. తాగక్కర్లేదు. నాకు తెలీదేటి?"

దండాసి గోడకి ఆనుకున్నాడు. లోలాక్షి నవ్వింది. ఆ నవ్వు అతను చూడలేకపోయాడు.

తిరుగు బస్సులో చీర ఆమె ఒళ్లో ఉంది. గేటు దాటకముందే ఆమె కళ్లు పసుపు తిరిగాయి. కాళ్లు ముడుచుకుంది.

"నోట్లో మురిగిన కొబ్బరి కంపొస్తంది," అంది. "ఈ సీర అటెట్టీ. నా సెమట తగుల్తాది."

అతను చీర తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. పక్క సీటువాళ్లు ముక్కులు మూసుకున్నారు. అతనికీ గొంతు పిడచకట్టింది. అతని సీసా కొట్టు దగ్గరే ఆమెకి పోసేశాడు. కడుపులో అతని పాచి ఆకలికి మెలిపెట్టింది. ఆమె బాధ ముందు అది లెక్కలోకి రాలేదు.

ప్రయోగశాలలో డాక్టరమ్మ ఆమె పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది. లోలాక్షి అరిచింది.

"ఎంత తాగావు?"

"ఒక గుక్క."

"కక్కావా?"

లోలాక్షి మొహం గోడవైపు తిప్పుకుంది.

"కక్కలేదా?"

"మన నీళ్లు తాగించీసాను అమ్మా," అన్నాడు దండాసి. "రెండు సీసాలు. పలచనవుద్దని."

మణిమాల అతని వైపు తిరిగింది. "పాచి మన నీళ్లని వదలదు దండాసన్నా. ఎంత పోస్తే అంత పీల్చేసుకుంటుంది. నీళ్లతో పాటు పొడిని కూడా మూలమూలకీ లాగేసుకుంది."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మిషనెక్కించండి అమ్మా. వెనక మిషన్లుండేవి కదా."

"తీసుకుపోయారు." ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. "పాచి ఉండగా మిషన్లెందుకు అన్నారు పైవాళ్లు. అక్కర్లేదు అని రాసిచ్చింది నేనే. నా పాచి మీద అంత నమ్మకం నాకు."

దగ్గరలో మిషను ఉన్నది మళ్లీ బరంపురంలోనే. అక్కడ పాచి మనిషిని చేర్చుకోవాలంటే ఆ ఊరి మనిషి పూచీ పడాలి. ఒక ఇంటి పూచీకి ఒక మిషను. పూచీ పడ్డవాళ్ల ఇంట్లోనే రోగి ఉండాలి.

"మీకు ఆ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?"

లోలాక్షి మంచం మీంచి మొగుడి చొక్కా పట్టుకుంది.

"సెప్పకు. నా మీద ఒట్టు. నాను సచ్చిపోతే జొరమొచ్చి సచ్చిపోనాదని సెప్పు. ఏడాది లోపల పిల్ల పెళ్లి సేసెయ్యచ్చు, తల్లి పోయినా. పాచని తెలిస్తే ఏడాదైనా, పదేళ్లైనా అవదు."

"అలగే," అన్నాడు.

బయటికి వచ్చాడు. ట్యాంకు దగ్గర ఆడవాళ్లు సాయంత్రం నీళ్ల కోసం బిందెలు పెట్టి కబుర్లాడుకుంటున్నారు. వాళ్ల పక్కనే నిలబడి కుముదినికి ఫోను చేశాడు. వాళ్లు వింటారని తెలుసు. విననీ అనుకున్నాడు.

"సెల్లెమ్మా, నాను దండాసిని. మా ఇంటిది పాచి మనిషి. నానూ పాచి మనిషినే. ఆ నీళ్లు దానికి విషం. మిషను కావాలి. నువ్వు పూచీ పడితే బతుకుద్ది." ఊపిరి పీల్చుకున్నాడు. "పిల్లకి ఏటీ నేదు. పిల్ల సుబ్బరంగా ఉంది. సంబంధం వద్దంటే వద్దను. మనిషిని మాత్రం..."

మాట అక్కడ ఆగిపోయింది.

"నీళ్లు పోసిందెవులు అన్నియ్యా?" అంది కుముదిని. ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది. "నానే కదా?"

"నీకు తెలీదు కదమ్మా."

"నీకు తెలుసు కదా! పక్కనే నిలబడ్డావు కదా! నోట్లో ఏటెట్టుకున్నావు? నాను తిట్టుదును. అరుసుదును. సంబంధం వద్దని కూడా అందును. చంపుదునా?" ఏడుపు వినిపించింది. "తీసుకొచ్చీ. గేటు కాడ ఉంటాం."

ప్రయోగశాల బండిలో గేటు దాకా తీసుకుపోయారు. దీపాలు పెట్టే వేళ. అవతల కుముదిని, భగవాన్ ఆటో పెట్టుకుని నిలబడ్డారు. కుముదిని పూచీ కాగితం మీద వేలిముద్ర వేసింది. కాపలావాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని మంచాన్ని అవతలికి తోశారు. దండాసి కూడా అడుగేస్తే కర్ర అడ్డం పెట్టారు. అతని చీటీ ఆ పూటకి అయిపోయింది.

కుముదిని లోలాక్షి తల ఒళ్లో పెట్టుకుంది. కంపుకి మొహం కూడా తిప్పుకోలేదు. అతని వైపు చూడకుండానే ఆటో పోనిమ్మంది.

లోలాక్షి బతికింది.

కుళ్లిన పాచిని కోసి తీసేశారు. మళ్లీ పాచి పట్టదన్నారు. ఇంక జన్మంతా మిషనే, రోజు విడిచి రోజు. మిషను ఉన్న ఊళ్లోనే ఉండాలి. పూచీ పడ్డ ఇంట్లోనే ఉండాలి. ఇవతలికి వస్తే మిషను లేదు. దండాసి అవతలికి పోతే నీళ్లు లేవు. ఇంకో మిషనుకి పూచీ పడే ఇల్లు అతనికి లేదు.

ఈ సంగతి బయటపడ్డాక చీటీలు తగ్గించేశారు. నెలకి ఒకటి, పగటిపూట మాత్రం. ట్యాంకు దగ్గర ఆడవాళ్లు అతన్ని చూసి బిందెలు పక్కకి జరుపుకునేవారు. నీ మూలానే మా అక్క పెళ్లికి పోలేకపోయాను అంది ఒకతె మొహం మీదే. మణిమాల మిషన్లు మళ్లీ కావాలని పైకి రాసింది. చూస్తాం అన్నారు. ఆవిడ రోజూ పొద్దున అతని బిందె తనే పట్టి ఇచ్చేది.

పెళ్లి ఆగలేదు. ఎందుకాగలేదో కుముదిని ఎవరికీ చెప్పలేదు. బంధువులు మాట్లాడబోతే, పాచో గీచో మీకు అనవసరం, నా చేత్తో పోసినందుకు నేను మోస్తాను అని నోళ్లు మూయించింది. అయితే ఆ మోత ఊరికే మోయలేదు. కూతురి అత్తవారింట తల్లి ఉండడం ఏ ఊళ్లోనూ లేని వింత. తిన్నప్పుడల్లా లోలాక్షి తల దించుకునే తినేది. ఏటి వొదినా, మా ఇంటి కూడు ముల్లా అని కుముదిని అడిగేది. ప్రేమగానే అడిగేది. ఆ ప్రేమకే లోలాక్షి సగం చిక్కిపోయింది.

దండాసి కోసం ముహూర్తం పగలు పెట్టించారు. బరంపురంలోనే, ఆ ఇంటి ముందు పందిట్లోనే. అతను నెల చీటీ మీద వచ్చాడు. ఒక సీసా నీళ్లు, కండువాలో అన్నం మూట. పీటల మీద కూచుని కన్యాదానం చేశాడు. పక్కన లోలాక్షి. ఎడమ చేతికి మిషను గొట్టాలు గుచ్చిన చోట కట్టు ఉంది, దాని మీద కొంగు కప్పుకుంది. హైమ ఆ గోపురాల అంచు చీరలో వెలిగిపోయింది. తాళి కడుతుంటే లోలాక్షి ఏడ్చింది. అందరు తల్లులూ ఏడ్చినట్టే ఏడ్చింది.

భోజనాల వేళ దండాసి పందిరి బయట గోడ నీడన కూచుని మూట విప్పాడు. లోపల విస్తళ్లు, ఉరుకులు, పరుగులు. లోలాక్షి ఒక కంచంలో తన భోజనం తెచ్చుకుని అతని పక్కన కూచుంది. ఒకరిది ఒకరు ముట్టకుండా, ఎవరిది వాళ్లు తిన్నారు.

"రాత్రులు వొంటికి ఎలాగుంది?" అన్నాడు.

"బాగుంది. నీకు?"

"బాగుంది."

"కూర ఎవులు వండినారు?"

"నానే."

"ఉప్పు తక్కువేసుంటావు."

"ఊఁ."

ఇద్దరూ వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూచున్నారు. సీసా అడుక్కి వచ్చింది. నీడలు వీధి అవతలికి పాకాయి. హైమ వచ్చి కాళ్లకి దండం పెట్టింది. అతను తల మీద చెయ్యి పెట్టి, లేచాడు.

లోలాక్షి వీధి గుమ్మం దాకా వచ్చింది. పొద్దున్నించీ ఆ గుమ్మంలో నిలబడి చుట్టాలని సాగనంపుతోంది. ఆ ఇంట్లో ఆమెకి వేరే పని లేదు, ఆ పని ఆమెకి ఇచ్చారు. పళ్లెంలోంచి తాంబూలం తీసి అతని చేతిలో పెట్టింది. పళ్లూ వక్కా ఆకూ అన్నీ ఉన్నాయో లేదో చూసి, ఒక పండు ఎక్కువ పెట్టింది.

"ఎల్లి రండి మరి," అంది. "ఈలు సూసుకుని మల్లీ రండి."

పొద్దున్నించీ చుట్టాలకి అన్న మాటే అతనికీ అనేశాక ఆమె చెయ్యి పళ్లెం మీదే ఆగిపోయింది. దండాసి తాంబూలం కండువాలో కట్టుకున్నాడు. "అలగే," అన్నాడు.

లోపల్నించి ఎవరో ఆమెని పిలిచారు. ఇంకెవరో చుట్టాలు వెళ్తున్నారట. ఆమె అటు తిరిగింది. అతను గేటు వైపు నడిచాడు.